మోచేయి దాటిన ఎర్రగీత

పోయినవారం మనం రంగుల గదిలో ఆగాం. నాటకశాల తెర కోసం వచ్చిన బట్టలో సగానికి నిన్ననే ఎరుపు పట్టి, ఆరి, మడత పడింది. మిగతా సగం ఈ ఉదయం గాబులోకి దిగింది. పీట మీద నిలబడి పొడుగుకర్రతో బట్ట తిప్పుతున్న అత్తగారు ఉన్నట్టుండి తూలి గోడ పట్టుకున్నారు. ఆ పట్టుకోవడంలో ఆవిడ పనిచొక్కా చెయ్యి భుజందాకా జారింది. జారిన చోట కోడలి కంటికి ఏదో ఆనింది. అంతలోనే ఆవిడ చొక్కా కిందికి లాక్కున్నారు.

ఆనిందేమిటో కోడలు గట్టిగా చెప్పలేదు. ఆ గదిలో దేన్నైనా చూశానని గట్టిగా చెప్పడం కష్టం. దండేల మీద ఎర్రగుడ్డలు వేలాడుతున్నాయి. ఎండ వాటిలోంచి వడగట్టుకుని దిగేసరికి గోడలు ఎర్రన, నేలమీది తడి ఎర్రన, గాబులోంచి లేచే ఆవిరి కూడా లేత ఎరుపు. మూడు రోజులుగా ఆ వెలుతురులోనే మసలడం వల్ల, ఎప్పుడైనా పెరట్లోకి వెళితే చెట్ల ఆకులు కలలో ఆకుల్లా మరీ పచ్చగా కనిపిస్తున్నాయి ఆమెకి. గదిలో చప్పుళ్ళు సైతం ఆవిరికి నాని మెత్తబడి, కాస్త ఆలస్యంగా చెవిన పడుతున్నాయి.

"అత్తయ్యా, ఒకసారి చెయ్యి చూపించండి."

"చేతికేం? రెండున్నాయి, రెండూ పనిచేస్తున్నాయి."

"ఇందాక తూలారు."

"తూలితే కాళ్ళు చూడాలి గానీ చెయ్యెందుకే అమ్మాయ్?"

పొయ్యి ముందు కూచుని కట్టెలు ఎగదోస్తున్న తాత కిసుక్కున నవ్వాడు. ఆయన ఈ ఇంట్లో అత్తగారి కంటే పాతవాడు. మామగారి చిన్నప్పటినుంచీ ఆ పొయ్యి ఆయనదే.

"నర్సమ్మగారు డ్యూటీ ఎక్కారు. జాగ్రత్తమ్మగారూ, ఆ చేతిమీద నెత్తురుచుక్క గనక ఉందంటే నేనిప్పుడు ఇద్దరు మనుషుల్ని మోసుకెళ్ళాలి. నాకా ఓపిక లేదు."

నాలుగేళ్ళుగా అదే హాస్యం. కోడలు నర్సు చదువు చదివి, ఆఖరి పరీక్షలు ఇంకో మూడు నెలలున్నాయనగా మానేసి వచ్చిందని పెళ్ళిచూపులనాడే అందరికీ తెలుసు. ఎందుకు మానేశావమ్మా అంటే, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయండీ అంది. ఇల్లంతా హాయిగా నవ్వుకుంది. ఆ నవ్వు చాటున ఆమె నాలుగేళ్ళు సుఖంగానే దాక్కుంది.

ఇప్పుడు మాత్రం ఆమె పీట దగ్గరికి వెళ్ళి నిలబడింది. అత్తగారి ముఖాన చెమట పట్టింది. గాబు దగ్గర చెమట పట్టడంలో వింత లేదు. కానీ ఆ చెమటలో ఆవిడ పళ్ళు సన్నగా టకటకలాడుతున్నాయి. కర్ర పట్టిన కుడిచెయ్యిని పక్కటెముకలకి కాస్త ఎడంగా, లోపల ఏదో పెట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"మొన్న బొటనవేలి మొదట్లో కర్రపేడు గుచ్చుకుంది కదా. అదేమైంది?"

"అప్పుడే పళ్ళతో లాగేశాను. మానిపోయుంటుంది."

"కడిగారా?"

ఆ మాటకి అత్తగారూ తాతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పిల్ల ఏం మాట్లాడుతోందో చూశావా అన్నట్టుంది ఆ చూపు. ఈ ఇంటి ఎరుపు ఒక వేరును దంచి తీసేది. దానికి సబ్బు నురగ సోకితే చాలు, ఎరుపు కాస్తా ఊదాలోకి తిరుగుతుంది. అందుకని ఒక పని మొదలయ్యాక అది ముగిసేదాకా గాబు దగ్గరివాళ్ళు చేతులకి సబ్బు తగలనివ్వరు. మూడు రోజుల పనైతే మూడు రోజులూ మోచేతులదాకా ఎర్రగానే ఉంటారు. అలాగే తింటారు, అలాగే పడుకుంటారు. ఎరుపులో పుండేది, రంగేది అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ రాలేదు.

"చేతిమీద గీత కనబడింది నాకు. మోచేతిపైన."

"కర్ర పైకెత్తినప్పుడు రంగు కారుతుంది. మోచేతిదాకా కారుతుంది, చంకదాకా కారుతుంది. నువ్వు పుట్టకముందునుంచీ కారుతోంది."

"అయితే అది రంగేనంటారు."

"రంగే."

"రంగుని ఎక్కడ చూడాలి అత్తయ్యా?"

కర్ర ఆగింది. ఆ ఇంట్లో రంగుని ఒక్కచోటే చూస్తారు. గది చివర ఉత్తరపు వైపు, ఎండ ఎన్నడూ నేరుగా పడని చిన్న కిటికీ దగ్గర. దాని చుట్టూ గోడకి సున్నం తప్ప మరేదీ వెయ్యరు. గాబు దగ్గర బాగుందనుకున్న రంగుని కిటికీ దగ్గర చూడకుండా బాగుందని ఎవరన్నా అంటే, అత్తగారు వాళ్ళని ఆ పూటకి ఇంటికి పంపేస్తారు. కోడల్ని కూడా మొదటి సంవత్సరం రెండుసార్లు వంటింట్లోకి పంపేశారు.

"తెలివిమీరిపోయావు," అన్నారు ఆవిడ. కర్రని తాతకిచ్చి పీట దిగారు. దిగడానికి కోడలి భుజం కావలసి వచ్చింది. ఆ సంగతి ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

కిటికీ దగ్గర వెలుతురు పాలలా ఉంది. ఎర్రటి గదిలోంచి అక్కడికి రావడం నీళ్ళడుగునుంచి పైకి తేలినట్టుంటుంది. కోడలు అత్తగారి చొక్కా చెయ్యి నెమ్మదిగా మడతలు పెడుతూ భుజందాకా తీసింది. మోచేతికింద అంతా ముదురు ఎరుపు, గోళ్ళ సందుల్లో నలుపుకి తిరిగిన ఎరుపు. బొటనవేలి మొదట్లో పేడు గుచ్చుకున్న చోటు ఉబ్బి, నడిమధ్య బియ్యపుగింజంత తెల్లగా చీము పట్టింది. మోచేతి దగ్గర రంగు ఆగిపోయింది. ఆ పైన ఆవిడ అసలు ఒంటిరంగు. ఆ ఒంటిరంగు మీద, చేతి లోపలివైపు, పెన్సిలంత వెడల్పున ఒక ఎర్రగీత చంకవైపు పోతోంది. తిన్నగా లేదు. కొంచెం వంకరపోతూ, ఒకచోట రెండుగా చీలి మళ్ళీ ఒకటవుతూ, ఎవరో నిద్రలో గీసినట్టుంది.

కోడలు వేళ్ళ వెనకవైపు ఆనించి చూసింది. గీత వెంట వేడి. గీతకి రెండువేళ్ళు ఇవతల ఒళ్ళు మామూలుగా ఉంది. మెల్లగా తడిమితే అత్తగారి భుజం ఉలిక్కిపడింది.

"నొప్పిగా ఉందా?"

"చక్కిలిగింత."

"ముందు ఇక్కడ చూడండి." కోడలు మోచేతికింద రంగున్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. తర్వాత పైనున్న గీతమీద నొక్కి వదిలింది. వేలున్నంతమేర గీత మాయమై తెల్లటి మచ్చ తేలింది. ఇద్దరూ చూస్తుండగానే ఎరుపు రెండువైపులనుంచీ నింపాదిగా వచ్చి ఆ తెలుపుని కప్పేసింది.

"ఇంకోసారి నొక్కు," అన్నారు అత్తగారు.

కోడలు నొక్కింది.

ఆవిడ తల కొద్దిగా వంచి, కళ్ళు సగం మూసి, తన చేతిని పక్కింటివాళ్ళ బట్టలా చూశారు. ఆ చూపు కోడలికి తెలుసు. ఆ చూపు ముందు ఎంతోమంది వ్యాపారులు నోరు మూసుకున్నారు.

"నా ఎరుపులో అడుగున పసుపుంటుంది. దీని అడుగున నీలం ఉంది." చెయ్యి ఇంకాస్త కిటికీవైపు తిప్పి చూశారు. "ఇది నాది కాదు."

ఒప్పుకున్నారు కదా అని కోడలు ఊపిరి తీసుకునేలోగా ఆవిడ చొక్కా దించేసుకున్నారు. "సరే, సాయంత్రం వెళదాం. బట్టకి రంగు పట్టి తేలగానే."

"సాయంత్రందాకా ఆగదు."

"ఆగాలి. నిన్నటి సగానికీ ఇవాళ్టి సగానికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా దీపాలకింద అతుకు కనబడుతుంది. వెయ్యిమంది కూచుని చూసేది. తాత కళ్ళకి పొర. నీకింకా ఎరుపులు తెలియవు. ఎవరు చూస్తారు?"

"అత్తయ్యా, మీరు బట్ట కొస ఒకటి రంగులో ముంచి వదిలేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, పైకి పాకుతుంది."

"ఎవరూ ముట్టుకోకుండానే."

"దానంతటదే."

"ఒంట్లో రక్తం నడిచే దారులు కాక ఇంకో సన్నటి దారులుంటాయి. వాటిలో నీరులాంటిది పారుతుంది. బొటనవేలి దగ్గరి విషం ఆ దారి పట్టుకుంది. అందుకే ఆ దారి వాచి ఎర్రగా పైకి కనబడుతోంది. చంకలో దానికి గింజల్లాంటి కావలి ఉంటుంది. అది కూడా దాటిందంటే రక్తంలో కలుస్తుంది. మీకు చలి అప్పుడే మొదలైంది."

అత్తగారు కిటికీలోంచి బయటికి చూశారు. "పుస్తకంలో చదివినట్టు చెబుతున్నావు."

"పుస్తకంలో చదివిందే." కోడలు గూట్లో ఉన్న నల్లకలం తీసింది. బట్ట అంచుల మీద తానుల నంబర్లు వేసే కలం అది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. గీత ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న అడ్డగీత పెట్టి, పక్కన గంట వేసింది. పదకొండు ఇరవై.

"నన్ను తానుబట్టని చేశావు."

"అరగంట చూద్దాం. అడ్డగీత దాటకపోతే సాయంత్రందాకా మిమ్మల్ని పలకరించను. దాటితే నా మాట వినాలి."

ఆవిడకి పందేలంటే ఇష్టం. వెళ్ళి పీట ఎక్కబోయి, ఎక్కలేక, దాని మీదే కూచున్నారు. తాత కర్ర తిప్పుతున్నాడు. బట్ట గాబులో పెద్ద జంతువులా ఒకవైపు మునిగి ఇంకోవైపు లేస్తోంది. ఆవిరి వచ్చి ముగ్గురి మధ్యా కూచుంది. అత్తగారు ఆ ఆవిరిలోకి చూస్తూ, బట్ట ఊపిరి పీలుస్తోంది చూడవే అన్నారు. తర్వాత తన పెళ్ళైన కొత్తలో గాబులో పడిపోయిన పిల్లిని గురించి ఏదో చెప్పబోయి సగంలో వదిలేశారు. మాటలు ఆవిడ నోటినుంచి వచ్చి గదిలో తేలుతున్నాయే గానీ ఎక్కడా వాలడంలేదు.

కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూచుంది.

"నాకు రక్తం చూస్తే కళ్ళు తిరగవు అత్తయ్యా."

"తెలుసు."

కోడలు తలెత్తింది.

"కిందటేడు తాత వేలు తెగితే కట్టు కట్టింది నువ్వేగా. కళ్ళు తిరిగే మనుషులు అంత నున్నగా కట్టు కట్టరు. చెప్పుకోవడం ఇష్టంలేదేమోనని ఊరుకున్నాను."

ఆ మాట వినకపోయుంటే ఆమె మిగతాది చెప్పగలిగేది కాదేమో. చెప్పింది. గాబువైపు చూస్తూ, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది. మూడో వార్డు. ఒక తోటమాలి. వేలికి ముల్లు గుచ్చుకుంది. మధ్యాహ్నం జ్వరం చూడబోతే చేతి లోపలివైపు ఇలాంటి గీతే కనిపించింది. పెద్దసిస్టర్‌కి చూపించింది. అది ప్లాస్టరు పట్టీ ఊడదీసిన మచ్చ, నీ పని నువ్వు చూసుకో అన్నారావిడ.

"నాకు తెలుసు అత్తయ్యా, అది పట్టీ మచ్చ కాదని. అంతకుముందు వారమే చదివాను. ఒక్కసారి నొక్కి చూపిస్తే అయిపోయేది. నేను థర్మామీటరు తుడుచుకుని పక్కమంచం దగ్గరికి వెళ్ళిపోయాను."

"తర్వాత?"

"రెండోనాటికి చెయ్యి తీసేశారు. మూడోనాడు మనిషే లేడు. గీతని ఎవరన్నా చూశారా అని అందరిదగ్గరా కాగితం రాయించుకున్నారు. చూడలేదని రాశాను. వాళ్ళావిడ వచ్చి నన్నే అడిగింది, ఆయన చెయ్యి ఆఖరున పట్టుకుంది నువ్వే కదా తల్లీ, ఏమీ కనబడలేదా అని. లేదన్నాను. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాను."

తాత కర్ర తిప్పడం ఆపాడు. ఆయనకి చెవుడని అందరూ అనుకుంటారు. కావలసినవి వినబడతాయి.

"తిప్పు తాతా, మచ్చలు పడతాయి," అన్నారు అత్తగారు. తర్వాత తన చొక్కా చెయ్యి తనే పైకి తోసుకుని, లేచి, గోడ పట్టుకుంటూ కిటికీ దగ్గరికి నడిచారు. కోడలు వెనకాలే వెళ్ళింది.

గీత అడ్డగీతని దాటింది. చిటికెనవేలి వెడల్పున దాటింది. అడ్డగీత కిందే ఉండిపోయింది, ఎర్రగీత తన దారిన తాను పోతోంది. కోడలు కొత్తచోట ఇంకో అడ్డగీత పెట్టి గంట వేసింది. పదకొండు యాభై అయిదు.

అత్తగారు గాబువైపు చాలాసేపు చూశారు. ఇంకో గంట తిప్పితే తేలే బట్ట. ఇప్పుడు వదిలేస్తే చల్లారిన రంగులో మడతలు పడి, చారలు తేలి, ఎందుకూ పనికిరాదు. నిన్నటి సగం జతలేక అలాగే మడతలో ఉండిపోతుంది. నాటకశాలవాళ్ళకి మాటిచ్చింది ఆవిడే. ముప్పై ఏళ్ళలో ఆవిడ మాట తప్పిన దాఖలా లేదు.

"తాతా, పొయ్యి ఆర్పెయ్."

"అమ్మగారూ?"

"ఆర్పెయ్యమన్నాను. నీ చెవుడు నాకు నీతో పని పడ్డప్పుడే వస్తుంది."

టాక్సీలో ఆవిడ కోడలి భుజం మీద తల వాల్చారు. కోడలు కుడిచేతిని తన ఒళ్ళో దుప్పటి మడత మీద ఎత్తుగా పెట్టి పట్టుకుంది. అద్దంలోంచి వీధులు తెల్లగా, చల్లగా, ఎవరో వెలిసిపోయేదాకా ఉతికినట్టు వెళ్ళిపోతున్నాయి. ఆసుపత్రి గేటు కనిపించింది. కోడలు పెట్టె సర్దుకుని వచ్చేసిన ఆసుపత్రే అది. అత్యవసర వైద్యం ఉన్నది ఆ ఒక్కచోటే. నాలుగేళ్ళుగా కూరగాయలకి కూడా ఆ గేటు తప్పించుకుని రెండు వీధులు చుట్టూ తిరిగి వెళ్ళేది ఆమె.

చిన్నడాక్టరు బల్లమీద నుంచి తల సగమే ఎత్తాడు. మోచేతులదాకా ఎర్రబడ్డ రెండు చేతులు చూశాడు.

"ఆ రంగు కడుక్కుని రండమ్మా. పంపు అటుంది. రంగు పోతే గానీ ఏమీ తెలియదు."

కోడలు చెప్పబోయి, చెప్పకుండానే పంపువైపు సగం తిరిగింది. ఆమె వేళ్ళు తెలియకుండానే చీర కొంగుతో ఏదో తుడుస్తున్నట్టు కదిలాయి.

అత్తగారు అది చూశారు. జ్వరంతో మెరుస్తున్న కళ్ళతో ఒక్క అడుగు ముందుకేసి, కుడిచెయ్యి తీసి ఆయన కాగితాల మీదే పెట్టారు.

"బాబూ, ఎరుపు వెయ్యడం ముప్పై ఏళ్ళుగా నా పని. మోచేతికింద ఉన్నది నాది. మోచేతిపైన ఉన్నది నాది కాదు. నాది కానిదేదో చూడటం నీ పని."

చిన్నడాక్టరు నవ్వబోయి, గీత చూసి, నవ్వు మానేసి లేచాడు. అక్కడినుంచి అన్నీ త్వరత్వరగా జరిగాయి. తెర లాగిన మంచం మీద పడుకోబెట్టారు. ఆయన గీత వెంట వేలికొస నడిపించి, లోపల తాడులా గట్టిగా నరమేమైనా తగులుతోందా అని చూశాడు. తగల్లేదు. చేతివెనకతో వేడి చూశాడు. మోచేతి లోపలివైపు, తర్వాత చంకలో వేళ్ళు పెట్టి మెత్తగా తడిమాడు. చంకలో బఠాణీగింజలంత గడ్డలు రెండు చేతికందాయి. అప్పుడు మాత్రం అత్తగారు చక్కిలిగింత అనలేదు. జ్వరం నూటమూడు. నాడి నూటపదహారు. రక్తం తీశారు. సూది మందు ఎక్కుతోంది.

"మంచి సమయానికి తెచ్చారు," అన్నాడు ఆయన. "రాత్రి గడిచి ఉంటే వేరేగా ఉండేది." అప్పుడు ఆయన చూపు నల్లటి అడ్డగీతల మీద, పక్కనున్న అంకెల మీద పడింది. "ఇవెవరు పెట్టారు?"

"నేనే," అంది కోడలు.

"గంటగంటకీ ఇలాగే పెడుతూ ఉండాలి. గీత వెనక్కి తగ్గుతోందో లేదో వీటితోనే తెలుస్తుంది. మా వాళ్ళే సగంమంది పెట్టరు. ఎక్కడ నేర్చుకున్నారు?"

అత్తగారు దిండు మీదనుంచి ఆమెవైపే చూస్తున్నారు. ఏమని చెప్పినా నాకు సమ్మతమే అన్నట్టుంది ఆ చూపు.

"ఇక్కడే," అంది కోడలు. "మూడో వార్డులో. నాలుగేళ్ళ కింద."

"అలాగా? అయితే పెద్దసిస్టర్‌కి మీరు తెలిసే ఉంటారు. ఈ కేసు ఆవిడే చేర్చుకోవాలి. పిలుస్తాను, ఉండండి." ఆయన కలం జేబులో పెట్టుకుని తెర తప్పించుకుని వెళ్ళిపోయాడు.

తెర ఇంకా ఊగుతోంది. అవతల నడవాలో ఆయన ఎవరితోనో ఏదో చెబుతున్నాడు. అత్తగారు ఎడంచెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకున్నారు. రంగు ఎండిన ఆ వేళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"నువ్వు బయటికి వెళ్ళి కూచో. వెనకాల తలుపుంది, చూశాను. ఎవరు తెచ్చారంటే తాత తెచ్చాడంటాను. నేను మాట్లాడుకుంటాను."

తలుపు నిజంగానే ఉంది. దానికి అవతల ఎండ ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు. ఆ తోటమాలి మంచం దగ్గర కూడా ఆమె వేసింది నాలుగడుగులే.

"గంటకోసారి చూడాలి అత్తయ్యా," అంది కోడలు. గోడవారనున్న ఎత్తుపీట మంచం దగ్గరికి లాక్కుని, అత్తగారి చెయ్యి దిండు మీద ఎత్తుగా సర్ది, కూచుంది. గోడగడియారం చూసి, పన్నెండు నలభై అని తనలో తాను అనుకుని, కలం మూత తీసింది.

నడవాలో మాటలు ఆగాయి. మెత్తటి చెప్పుల చప్పుడు నింపాదిగా దగ్గరకొచ్చి తెర అవతల నిలిచింది. తెర అంచున నాలుగు వేళ్ళు కనిపించాయి.

"రంగుల చెయ్యి కేసు ఇదేనా?" అంది ఆ గొంతు. "గీతని మొదట చూసింది ఎవరు?"